సెర్బెరస్ అంటే నిజంగా "మచ్చల కుక్క" అనేనా?

మీరు అడిగినవి మూడు. గ్రీకు పాతాళానికి కాపలా కాసే మూడు తలల కుక్క సెర్బెరస్ పేరుకి "మచ్చలది" అని అర్థమని, అది మన "శబల" (మచ్చలున్నది) అనే శబ్దానికి తోబుట్టువని ఒక రీల్‌లో చూశారు, అది నిజమా అని ఒకటి. నిజమైతే యముడి కుక్కలూ ఆ కుక్కా ఒకటేనా అని రెండోది. తెలుగులో సెర్బెరస్ అని రాయాలా, కెర్బెరోస్ అని రాయాలా అని మూడోది. మొదటిదానికి సూటి జవాబు: కాదు, కనీసం ఇవాళ ఈ రంగంలో పనిచేసే ప్రామాణికమైన వాళ్ళు ఒప్పుకోవడం లేదు. రెండోది కొంచెం తిరకాసు వ్యవహారం, పేర్లు కలవకపోయినా కుక్కలు కలిసే అవకాశం బాగానే ఉంది. మూడోది ఆఖర్న చెప్తాను, అది తేలిక.

ఆ రీల్ వెనకున్న జోక్ ఇంగ్లీషు ఇంటర్నెట్‌లో చాలాకాలంగా తిరుగుతోంది. "చచ్చినవాళ్ళ లోకానికి రాజైన హేడిస్, తన భయంకరమైన కుక్కకి స్పాట్ అని పేరు పెట్టుకున్నాడట" అని. వాళ్ళకి స్పాట్ అంటే చిన్నపిల్లల వాచకాల్లో ఉండే కుక్క పేరు, మన ఊళ్ళలో బొల్లిగాడు అన్నట్టు. అంత పెద్ద దేవుడు అంత మామూలు పేరు పెట్టడంలో నవ్వుంది కాబట్టి బాగా పాకింది. అయితే మీమ్‌లు చేసేవాళ్ళు దీన్ని గాల్లోంచి పుట్టించలేదు. పందొమ్మిదో శతాబ్దపు పెద్ద పండితులే ఈ మాట అన్నారు. మాక్స్ ముల్లర్ కెర్బెరోస్‌ని "శర్వర"తో, అంటే చీకటితో, రాత్రితో కలిపాడు. అమెరికాలో సంస్కృతం చెప్పిన మారిస్ బ్లూమ్‌ఫీల్డ్ 1905లో ఈ కుక్క మీదే ఒక చిన్న పుస్తకం వేసి, యముడి కుక్క శబలమూ గ్రీకుల కెర్బెరోసూ ఒకటేనని, ఆ జంట కుక్కలు సూర్యచంద్రులని వాదించాడు.

ఆ రోజుల ఊపు అలాంటిది. ఆకాశ దేవుడి పేర్లు, మన ద్యౌః పితర్, గ్రీకుల జ్యూస్ పతేర్, రోమన్ల జూపిటర్ మూడూ అక్షరం అక్షరం కలిసేసరికి మిగతా దేవుళ్ళందరికీ కూడా సంబంధాలు కుదిర్చెయ్యొచ్చని జనం ఉత్సాహపడ్డారు. దేవతల కుక్క సరమ పిల్లలైన సారమేయుల్ని, చనిపోయినవాళ్ళని పాతాళానికి దారి చూపించే హెర్మెస్‌తో కలిపిన వాళ్ళున్నారు. వినడానికి ఎంత బాగుందో చూడండి, అక్కడా చావు దారే, ఇక్కడా చావు దారే. కానీ తర్వాత గ్రీకు భాషలోని అతి పాత రాతలు, లీనియర్ బి పలకలు, చదవగలిగాక హెర్మెస్ పేరు పాత రూపం దొరికింది, దాంతో ఆ సంబంధం చెడిపోయింది. అప్పట్లో కుదిర్చిన పెళ్ళిళ్ళలో నిలిచినవి చాలా కొద్ది.

ఇక శబల, కెర్బెరోస్ సంగతి. ఇది ఎందుకు నమ్మబుద్ధి వేస్తుందో ముందు చెప్తాను, ఎందుకంటే వాదన మొదలు బాగానే ఉంటుంది. సంస్కృతంలో "శ" ఉన్న చాలా చోట్ల గ్రీకులో "క" ఉంటుంది, ఇది రుజువైన సూత్రం. మన దశ వాళ్ళకి దెక. మన శతం వాళ్ళకి హెకటోన్. కుక్క మాటే తీసుకోండి, సంస్కృతంలో "కుక్క యొక్క" అంటే శునః, గ్రీకులో కునోస్. ఇంతకంటే శుభ్రమైన జత దొరకదు. కాబట్టి శబలలో మొదటి "శ", కెర్బెరోస్‌లో మొదటి "క" ఎదురెదురుగా కూర్చోవడంలో తప్పేం లేదు. చివర "ల"కి "ర" ఉండటం కూడా పెద్ద అడ్డంకి కాదు, రలయోరభేదః అని మన వాళ్ళే అన్నారు.

ఇబ్బంది మధ్యలో వస్తుంది. కెర్-బె-రోస్‌లో మొదటి "ర్" శబలలో ఏదీ? అది రాలిపోయింది అనుకోవాలి, అంటే ముందు శర్బర అనే రూపం ఉండేది, రెండు రేఫల్లో ఒకటి జారిపోయి శబర, శబల అయింది అని ఊహించుకోవాలి. అలా జరగదని కాదు, జరుగుతుంది. కానీ ఒక ఊహని నిలబెట్టడానికి ఇంకో ఊహ తెచ్చామని గుర్తుపెట్టుకోవాలి.

ఆ తర్వాత "బ". మామూలు చదువరికి రెండు వైపులా "బ" ఉంటే ఇంకేం, కలిసిపోయింది అనిపిస్తుంది. ఈ పని చేసేవాళ్ళకి మాత్రం అక్కడే అనుమానం మొదలవుతుంది. గ్రీకు, సంస్కృతాలకి మూలమైన ఆ పాత భాషలో "బ" అనే ధ్వని దాదాపు లేదు, ఉన్నా వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మాటల్లో. గ్రీకులో మనకి కనిపించే "బ"లు చాలావరకు వేరే ధ్వని నుంచి వచ్చినవి, వాటికి సంస్కృతంలో ఎదురుగా "గ" గానీ "జ" గానీ ఉంటుంది. ఆవు వాళ్ళకి బౌస్, మనకి గౌః. ప్రాణం వాళ్ళకి బియోస్, మనకి జీవ. అడుగు వెయ్యడం వాళ్ళకి బాసిస్, మనకి గతి. పైకి ఏమాత్రం పోలిక లేని ఈ జతలు నిజమైన చుట్టాలు. పైకి అచ్చుగుద్దినట్టు కలిసేవి చాలాసార్లు కాకతాళీయం, లేదా ఇద్దరూ మూడో ఇంటి నుంచి అప్పు తెచ్చుకున్నవి.

మూడో ఇల్లు అన్నాను కదా, దాన్ని చూడాలంటే అమరకోశంలో ఒక పాదం చాలు. చిన్నప్పుడు వల్లెవేసిన వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, "చిత్రం కిర్మీరకల్మాషశబలైతాశ్చ కర్బురే". రకరకాల రంగులు కలిసిన దానికి పర్యాయపదాలు ఇవి. చిత్రం, కిర్మీరం, కల్మాషం, శబలం, ఏతం, కర్బురం. (కల్మాషపాదుడి కథ చదివిన వాళ్ళకి ఆ పేరులో ఉన్నది ఈ కల్మాషమే, మచ్చల పాదాలవాడు.) ఇందులో శబల, కర్బుర రెండూ ఉన్నాయి. కర్బర అనే రూపం కూడా ఉంది. ఒకే అర్థం, దాదాపు ఒకే ధ్వనులు, కానీ ఒకదాంట్లో "శ", ఇంకోదాంట్లో "క". ఒకదాంట్లో మధ్యన రేఫ ఉంది, ఇంకోదాంట్లో లేదు. పాత భాష నుంచి నేరుగా వారసత్వంగా వచ్చిన మాట ఇలా ఊసరవెల్లిలా రంగులు మార్చదు. సూత్రం ప్రకారం "శ" రావాల్సిన చోట "శ" వస్తుంది, అంతే. ఇలా మాట తడబడుతోందంటే వైదిక భాష మాట్లాడినవాళ్ళు దాన్ని ఇక్కడి వేరే భాషల నుంచి విని తమకి తోచినట్టు పలికి ఉంటారని అర్థం. సంస్కృత వ్యుత్పత్తి నిఘంటువు రాసిన మాన్‌ఫ్రెడ్ మేర్‌హోఫర్ ఈ మాటల గుంపు ఆస్ట్రో-ఏషియాటిక్ భాషల వైపు నుంచి, అంటే ముండా భాషల కుటుంబం నుంచి వచ్చిందని ప్రతిపాదించాడు. ఆ ప్రతిపాదన సంగతి ఎలా ఉన్నా, శబల ఇక్కడ అప్పు తెచ్చుకున్న మాటే అయితే అది ఎక్కడో గ్రీసులో ఉన్న కుక్క పేరుకి తోబుట్టువు కాలేదు. కథ అక్కడితో సరి.

రీల్స్ చేసేవాళ్ళు ఏం చేస్తారంటే, "శ" కావాల్సినప్పుడు శబల చూపిస్తారు, రేఫ కావాల్సినప్పుడు కర్బుర చూపిస్తారు, రెండూ కావాలంటే శర్వర చూపిస్తారు. యముడి కుక్కకి శర్వర అని పేరున్నట్టు కూడా రాసేస్తుంటారు. ఋగ్వేదంలో, అథర్వవేదంలో ఆ కుక్కలకి వాడిన మాట శబలే. శర్వరి మన వాళ్ళకి తెలిసిన మాటే, రాత్రి. 2020 ఉగాదికి మొదలైంది శార్వరి నామ సంవత్సరం, ఆ ఏడాది పేరు ఎవరూ మర్చిపోరు. చీకటికీ పాతాళానికీ ముడిపెట్టడం ముల్లర్‌కి అందంగా తోచింది, కానీ అక్కడ "వ" ఉంది, గ్రీకు వైపు "బ" ఉంది. వబయోరభేదః అని మనం సర్దుకోవచ్చు, గ్రీకు వాళ్ళు సర్దుకోరు. ఆ పాత "వ" గ్రీకులో హల్లు పక్కన పడితే మామూలుగా రాలిపోతుంది, "బ"గా మారి కూర్చోదు.

మరి అసలు అర్థం ఏమిటి అంటారు. గ్రీకు వ్యుత్పత్తి నిఘంటువు (2010లో వచ్చింది) రాసిన రాబర్ట్ బీక్స్ ఈ "మచ్చల" వాదాన్ని తోసిపుచ్చాడు. గ్రీకు కథల్లోని చాలా పేర్ల లాగే ఇది కూడా గ్రీకులు ఆ దేశానికి రాకముందు అక్కడ ఉన్న జనం భాషలోది అయ్యుండొచ్చన్నది ఇప్పుడు బలంగా ఉన్న అభిప్రాయం. ఆ భాష రాతలో మిగల్లేదు, కాబట్టి అర్థం చెప్పగలిగిన వాళ్ళెవరూ లేరు. 2013లో ఈ పాము-రాక్షసుల కథలన్నింటి మీదా పెద్ద పుస్తకం రాసిన డానియెల్ ఓగ్డెన్ కూడా గ్రీకు, సంస్కృతాల ఉమ్మడి మూలభాషలో ఈ పేరు మూలం కోసం చేసిన ప్రయత్నాలేవీ ఇంతవరకు ఫలించలేదనే తేల్చాడు.

ఫలించని వాటిలో ఇంకో మూడు ఉన్నాయి, ఎక్కడైనా కనబడితే గుర్తుపట్టడానికి చెప్తున్నాను. నాలుగో శతాబ్దం చివర్లో రోమన్ కవి వర్జిల్ కావ్యానికి వ్యాఖ్యానం రాసిన సెర్వియస్, క్రెయోబోరోస్ అంటే మాంసం మింగేది, అదే కెర్బెరోస్ అయింది అన్నాడు. ఈ వ్యుత్పత్తి తప్పే, అచ్చులు కుదరవు. కానీ ఇందులో ఒక తమాషా ఉంది. క్రెయస్ అనే గ్రీకు మాంసం మన క్రవ్యానికి నిజమైన చుట్టం, బోరోస్‌లోని మింగడం మన గిరతి, నిగిరణాలకి చుట్టం (మళ్ళీ "బ"కి "గ" చూడండి). క్రవ్యాదుడు అంటే మనకి రాక్షసుడు. అమరకోశంలో రాక్షస పర్యాయపదాల్లో క్రవ్యాదుడితో పాటు కర్బురుడు కూడా ఉంటాడు! ఇది పట్టుకుని ఎవరైనా ఇంకో రీల్ చేస్తే నేను బాధ్యుణ్ణి కాను. రెండోది, బ్రూస్ లింకన్ అనే పండితుడు కెర్బెరోస్‌నీ, ఉత్తర ఐరోపా కథల్లో కట్టేసి ఉండే గార్మ్ అనే కుక్కనీ కలిపి, రెండూ "గుర్రుమనేది" అనే అర్థంలో వచ్చాయన్నాడు. అర్థం ముచ్చటగా ఉంది, కానీ రెండు పేర్లకీ రెండు వేరు వేరు ధాతువులు కావాల్సి వస్తోందని ఓగ్డెన్ ఎత్తిచూపాడు. మూడోది "కేర్ బెరెత్రూ", గోతిలోని కీడు అని. దాని గురించి చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు.

నా మటుకు నాకు ధ్వని సూత్రాల కంటే బలంగా తోచేది ఇంకోటి ఉంది. గ్రీకులు ఈ కుక్కకి మచ్చలున్నాయని ఎక్కడైనా అన్నారా? హోమర్ దగ్గర అసలు పేరే లేదు. ఇలియడ్‌లోనూ ఒడిస్సీలోనూ హెరాక్లీస్‌ని పాతాళం నుంచి "ఆ కుక్క"ని తెమ్మని పంపారు అనే ఉంటుంది, అంతే. పేరు మొదట కనిపించేది హెసియడ్ అనే గ్రీకు కవి రాసిన దేవతల వంశావళిలో, సుమారు క్రీ.పూ. 700 నాటిది. అక్కడ విశేషణాలు వరసగా ఇస్తాడు: పచ్చి మాంసం తినేది, కంచు గొంతుది, యాభై తలలది, సిగ్గూశరం లేనిది, బలమైనది. రంగు మాట లేదు. మచ్చలున్న జంతువుకి ఆ మచ్చల్ని బట్టి పేరు పెట్టడం గ్రీకులకి తెలియక కాదు, అకిలీస్ రథానికి కట్టిన గుర్రాల్లో ఒకదాని పేరు బాలియోస్, మచ్చలదనే అర్థం. వాళ్ళ భాషలో ఆ మాట బతికే ఉంది. కెర్బెరోస్ అనే మాటని మచ్చలది అనే అర్థంలో వాడిన గ్రీకు వాక్యం ఒక్కటి చూపించమంటే ఈ వాదం వాళ్ళ దగ్గర లేదు.

యాభై తలలు అన్నాను కదా. అదే హెసియడ్ అదే కావ్యంలో ఇంకాస్త ముందుకెళ్ళాక హేడిస్ ఇంటి ముందు కాపలా కుక్కని వర్ణిస్తాడు. లోపలికి వచ్చేవాళ్ళని తోకతోనూ "రెండు చెవులతోనూ" పలకరిస్తుంది, బయటికి పోదామని చూసినవాణ్ణి పట్టుకుని తినేస్తుంది. యాభై తలల కుక్కకి రెండే చెవులా? ఇక్కడ పేరు కూడా చెప్పడు. నాకేమనిపిస్తుందంటే పాత కథలో ఉన్నది ఒక మామూలు కుక్క, చావు గుమ్మం దగ్గర కూర్చున్న కుక్క, దానికి తలలు తర్వాత మొలిచాయి. తర్వాతి కవి పిండార్ వందకి తీసుకెళ్ళాడు. కుండల మీద బొమ్మలేసేవాళ్ళకి అన్ని తలలు ఎక్కడ పడతాయి, ఏథెన్స్ చిత్రకారులు తరచుగా రెంటితో సరిపెట్టేశారు. మూడు అనేది మెల్లగా స్థిరపడింది.

పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో క్రీ.పూ. 6వ శతాబ్దపు నీళ్ళ కుండ ఒకటుంది, ఇటలీలోని చెర్వెతెరిలో దొరికింది. ఆ బొమ్మని నెట్‌లో వెతికి చూడండి, బాగుంటుంది. హెరాక్లీస్ కుక్కని తాడుతో పట్టుకుని తెస్తుంటే, తెమ్మని ఆజ్ఞ వేసిన రాజు యూరిస్థియస్ పెద్ద మట్టి బానలోకి దూకి చేతులెత్తి కేకలేస్తుంటాడు. కుక్క మూడు తలలకీ మూడు రంగులు వేశాడు చిత్రకారుడు, ఒంటి మీద పాములు బుసలు కొడుతుంటాయి. "ఇదిగో రంగురంగుల కుక్క" అని మచ్చల వాదులు దీన్ని చూపించొచ్చు. కానీ ఒకదాని వెనక ఒకటి ఉన్న తలలు విడివిడిగా కనబడాలంటే ఏ చిత్రకారుడైనా చేసే పనే అది.

అసలు కుక్కే కాదన్నవాడు కూడా ఉన్నాడు. క్రీ.పూ. 500 ప్రాంతంలో మిలెటస్‌కి చెందిన హెకటాయస్, గ్రీసు దక్షిణపు కొసన తైనరాన్ దగ్గర ఒక భయంకరమైన పాము ఉండేదని, అది కరిస్తే వెంటనే చచ్చేవాళ్ళు కాబట్టి దాన్ని హేడిస్ కుక్క అన్నారని రాశాడు. ఈ సంగతి మనకి చెప్పింది రెండో శతాబ్దపు యాత్రికుడు పాసానియస్. ఆయన ఆ గుహ దగ్గరికే వెళ్ళి చూసి, లోపల భూమి కిందికి పోయే దారి ఏదీ లేదని కూడా రాసిపెట్టాడు. హోమర్ పేరు చెప్పలేదనీ, పేరూ మూడు తలలూ తర్వాతి వాళ్ళు తగిలించినవనీ గమనించింది కూడా ఆయనే. మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్నది ఆయన అప్పుడే సగం తేల్చేశాడు.

ఇక మీ రెండో ప్రశ్న, యముడి కుక్కలు. ఋగ్వేదం పదో మండలం పద్నాలుగో సూక్తంలో, చనిపోయిన మనిషిని ఉద్దేశించి చెప్పే మంత్రాల్లో ఇవి వస్తాయి. సరమ పిల్లలైన ఆ రెండు కుక్కల్ని దాటుకుని మంచి దారిలో పరుగెత్తి వెళ్ళు, యముడితో కలిసి ఆనందిస్తున్న పితరుల దగ్గరికి చేరు అంటారు. వాటికి "చతురక్షౌ", నాలుగేసి కళ్ళవి, "శబలౌ", మచ్చలవి అని విశేషణాలు. తర్వాతి మంత్రాల్లో అవి దారి కాసేవి, వెడల్పు ముక్కులవి, యముడి దూతలుగా జనం మధ్య తిరిగేవి. ఒకపక్క వాటిని తప్పించుకుని పొమ్మంటూనే, ఇంకోపక్క ఈ చనిపోయినవాణ్ణి వాటికి అప్పగించి క్షేమం ఇమ్మని యముణ్ణి అడుగుతారు. అథర్వవేదంలో శ్యామ, శబల అని విడివిడిగా పేర్లున్నాయి. నల్లోడు, బొల్లిగాడు. అంటే హేడిస్ సంగతేమో గానీ, కుక్కలకి వీధికుక్కల పేర్లు పెట్టుకున్నది నిజంగా మన యముడే.

నాలుగు కళ్ళ గురించి జనం ఏవేవో ఊహిస్తారు గానీ, దీనికి మంచి వివరణ పార్సీల దగ్గరుంది. వాళ్ళ ఆచారంలో శవాన్ని కుక్కకి చూపిస్తారు, సగ్‌దీద్ అంటారు. ఆ కుక్క "నాలుగు కళ్ళది" అయ్యుండాలి, అంటే కళ్ళ మీద కనుబొమల దగ్గర రెండు చుక్కలున్నది. మన వీధుల్లో నల్ల కుక్కల్ని గమనిస్తే చాలావాటికి కళ్ళ పైన రెండు గోధుమరంగు చుక్కలుంటాయి, దూరం నుంచి అవి పడుకున్నా కళ్ళు తెరిచి చూస్తున్నట్టే ఉంటుంది. వాళ్ళ పవిత్ర గ్రంథం అవెస్తాలో చిన్వత్ వంతెన దగ్గర కూడా కుక్కలున్నాయి, ఆ వంతెన చనిపోయినవాళ్ళు దాటాల్సింది.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. భారతదేశం వైపు, ఇరాన్ వైపు, గ్రీసు వైపు, ఉత్తర ఐరోపా వైపు, అన్నిచోట్లా చావు దారిలో కుక్క ఉంది. అందుకే పేర్ల వాదం కొట్టేసిన వాళ్ళు కూడా కుక్కని కొట్టెయ్యరు, ఇది ఆ మూలభాష మాట్లాడిన పాత జనం ఉమ్మడి ఊహ అయ్యుండొచ్చు అంటారు. నేనూ అటే మొగ్గుతాను, కానీ ఒక తేడా మర్చిపోకూడదు. యముడి కుక్కలు వెళ్ళే దారిలో ఉంటాయి, వాటిని దాటడమే కష్టం. కెర్బెరోస్ వచ్చేవాళ్ళకి తోక ఊపుతుంది, బయటికి రానివ్వకపోవడమే దాని పని. ఒకటి పరీక్ష, ఒకటి తాళం. యముడికి రెండు, హేడిస్‌కి ఒకటి. అవి జనం మధ్య తిరిగి మనుషుల్ని వెతుక్కుంటాయి, ఇది గుమ్మం వదలదు.

తిండి దగ్గర మాత్రం మళ్ళీ కలుస్తాయి. వర్జిల్ కావ్యంలో కథానాయకుడు ఈనియస్ పాతాళానికి వెళ్తుంటే వెంట ఉన్న సిబిల్ అనే జోస్యురాలు మత్తుమందు కలిపిన తేనె ముద్ద విసిరితే మూడు నోళ్ళూ తెరిచి మింగి పడి నిద్రపోతుంది. అంతకు ముందే అరిస్టోఫనిస్ నాటకంలో ఒక ముసలి అధికారిని ఆటపట్టిస్తూ "నీకు తేనె రొట్టె చేసి పెడతా" అంటుంది నాయిక, చనిపోయినవాళ్ళతో పంపే రొట్టె అది, కెర్బెరోస్ కోసమని తర్వాతి వ్యాఖ్యాతలు చెప్పారు. మన వైపు బలిహరణలో కుక్కలకి పెట్టే ముద్దకి చెప్పే శ్లోకం "ద్వౌ శ్వానౌ శ్యామశబలౌ వైవస్వతకులోద్భవౌ" అని మొదలవుతుంది. వైవస్వతుడంటే యముడే. ఇంట్లో వైశ్వదేవం చేసే పెద్దవాళ్ళెవరైనా ఉంటే అడగండి, టక్కున చెప్తారు. సరమ కథ కావాలంటే నన్నయ ఆదిపర్వం మొదట్లోనే ఉంది, జనమేజయుడి తమ్ముళ్ళు దాని పిల్లని ఊరికే కొడితే వచ్చి నిలదీస్తుంది. "తగునిది తగదని" అనే పద్యం అక్కడిదే.

ఇంకో సంగతి, మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఈ పేరు మన పెరట్లోకి కూడా వచ్చింది. లినేయస్ 1753లో విషపు చెట్ల ప్రజాతి ఒకదానికి సెర్బెరా అని పేరు పెట్టాడు, ఆ కుక్క కరిచినంత ప్రమాదమని. మన ఇళ్ళ ముందు పూజకి పెంచే పచ్చగన్నేరుకి ఆయన మొదట ఇచ్చిన పేరు సెర్బెరా థెవెటియా. తర్వాత దాన్ని వేరే ప్రజాతిలోకి మార్చారు, విషం మాత్రం మారలేదు, పిల్లలున్న ఇళ్ళలో ఆ కాయల దగ్గర జాగ్రత్త. అలాగే మడ అడవుల బురదలో తిరిగే కుక్కమూతి నీటిపాముల ప్రజాతి పేరు సెర్బెరస్. ఇది మన దేశపు తీరాల్లోనూ ఉంటుంది. హెకటాయస్ వింటే సంతోషించేవాడు.

ఆఖరి ప్రశ్న, స్పెల్లింగ్. గ్రీకులో "కె" నొక్కి పలుకుతూ కెర్బెరోస్. లాటిన్‌లో అక్షరం సి అయినా పాత రోమన్లు పలికింది "క" అనే, కెర్బెరుస్. ఆ సి ఇంగ్లీషులో "స" అయ్యి సెర్బెరస్ వచ్చింది. రెండూ తప్పు కాదు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళు రోజూ వాడే కెర్బెరోస్ ఇదే. అమెరికాలో ఎమ్ఐటీవాళ్ళు 1983లో మొదలుపెట్టిన అథీనా ప్రాజెక్టులో పుట్టింది. పాస్‌వర్డ్ నెట్‌వర్క్ మీద పంపకుండా టికెట్లతో లోపలికి రానిచ్చే పద్ధతి, విండోస్ 2000 నుంచి మైక్రోసాఫ్ట్ కూడా వాడుతోంది. యూజరు, సర్వరు, మధ్యలో టికెట్లు ఇచ్చేవాడు, అవే మూడు తలలు. 2011లో హబుల్ టెలిస్కోపుతో కనిపెట్టిన ప్లూటో చందమామకి 2013లో గ్రీకు స్పెల్లింగ్‌తోనే కెర్బెరోస్ అని పెట్టారు, ఎందుకంటే 1971లో దొరికిన ఒక గ్రహశకలానికి సెర్బెరస్ అప్పటికే ఇచ్చేశారు.

కాబట్టి గ్రీకు కథ రాస్తుంటే కెర్బెరోస్ అనండి, ఇటలీ కవి డాంటే గురించో వర్జిల్ గురించో రాస్తుంటే సెర్బెరస్ అన్నా చెల్లుతుంది, ఒకే వ్యాసంలో రెండూ కలిపితేనే చదివేవాళ్ళకి టెన్షన్. ఒకటి గ్రీకు ఉచ్చారణలో రాస్తే మిగతావీ అలాగే రాయాలి, అంటే చచ్చినవాళ్ళని పాతాళానికి దాటించే పడవ నడిపేవాడు ఖారోన్ అవుతాడు గానీ షారన్ కాడు. ఆ షారన్ అనే ఉచ్చారణ ఖగోళ శాస్త్రజ్ఞుల దగ్గర వినబడుతుంది, 1978లో ప్లూటో పెద్ద చందమామని కనిపెట్టిన జేమ్స్ క్రిస్టీ తన భార్య షార్లీన్ పేరు కలిసొచ్చేలా ఆ పేరు ఎంచుకున్నాడు, అందుకని వాళ్ళలో చాలామంది ఇప్పటికీ అలాగే పలుకుతారు.